మూడు బాటల దగ్గర కాపలా

పోయిన మార్చిలో ఒక ఆదివారం భూపాలపల్లిలో మా తమ్ముడి మనవరాలిని తొట్టెలలో వేశారు. భోజనాలయ్యాక రెండింటికి బయలుదేరాం. నేరుగా జనగామకు, మా ఇంటికి వెళ్లాల్సిన దాన్ని, మహబూబాబాద్‌లో చెల్లెలి దగ్గర రెండు రోజులు ఉందామని దారి మార్చాను. కొత్తగూడ అడవి దారి చూడముచ్చటగా ఉంటుందని ఎవరో అన్నారు. పొద్దుగూకే వేళకు అడవి ఎందుకని ములుగు, నర్సంపేట మీదుగానే పొమ్మన్నాను.

కారు నాది. నడిపిన మనిషికి నలభై దాటాయి. మహబూబాబాద్ పక్కన ఒక తండా అతనిది. జనగామలో గది తీసుకుని, పిలిచిన వాళ్ల కార్లు నడుపుతూ, పదిహేను రోజులకోసారి పెళ్లాం పిల్లల దగ్గరికి వెళ్లి వస్తాడు. నాకు ఆరేళ్లుగా అతనే. ఆ రోజు దారి పొడవునా ఒకే సంగతి చెప్పాడు. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బడి వాళ్లు జూన్ నుంచి బస్సు నడపడానికి రమ్మన్నారట. రోజూ సాయంత్రం ఇంటికి చేరొచ్చు. వాళ్లది ఒక్కటే షరతు: డ్రైవరు మీద పోలీసు కేసు ఉండకూడదు.

"ఇరవై ఏండ్ల సంది బండి నడుపుతున్న అవ్వా, ఒక్క కేసు లేదు," అన్నాడు.

నర్సంపేట దాటిన కాసేపటికి, ఎదురుగా వస్తున్న మిరప బస్తాల లారీ ఒకటి ముందున్న ఆటోను దాటబోయి మా మీదికి వచ్చేసింది. అతను కారును ఎడమకు తిప్పేశాడు. లారీ పక్కచెక్కలు మా కుడివైపు తలుపులు రెండింటినీ గీరుకుంటూ పోయాయి. కారు మట్టికట్టకు కొట్టుకుని ఆగింది. వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చున్న నా భుజం తలుపుకు తగిలింది. లారీ ఆగలేదు. ఆటో కూడా ఆగలేదు. టైము నాలుగూ ముప్పై అయిదు. నేను చూసింది ఇంతే: ఆకుపచ్చ రంగు, చెక్క బాడీ, తాడు కట్టిన బస్తాలు. నంబరు చూడలేదు.

కారు నడిచే స్థితిలోనే ఉంది. వేలాడుతున్న పక్క అద్దాన్ని పీకి లోపల పడేసి, అతను నన్ను మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. మెడ కింది ఎముక చిట్లిందని చెప్పి, చేతిని మెడకు కట్టేసి, ఆ రాత్రికి ఉండమన్నారు. కారు తాళం చెల్లెలికిచ్చి, పోయే ముందు అతను నా మంచం పక్కన నిలబడ్డాడు.

"కంప్లెయింటు వద్దు అవ్వా. నీకు దండం పెడత. ఖర్చు ఎంతైతె అంత నేను మెల్లగ కట్టుకుంట. స్టేషన్ల కాయిదం పుట్టిందంటె దాంట్ల నా పేరే రాస్తరు."

"లారీ చేసిన దానికి నీ పేరెందుకు రాస్తరు బిడ్డా?"

"లారీ పాయె గదా. ఉన్నది నేనే."

ఆ మాట నాకు నచ్చలేదు కానీ కొట్టిపారేయడానికీ లేదు. మా ఇద్దరి చేతుల్లో కూడా ఏమీ లేకుండా పోయింది. రోడ్డు మీద తగిలిన దెబ్బ కాబట్టి దవాఖాన వాళ్లు పోలీసులకు ఎప్పుడో కబురు పంపారు. బీమా వాళ్లకు ఫోన్ చేస్తే, మనిషికి గాయమైంది కనుక ఎఫ్ఐఆర్ కాపీ కావాలన్నారు.

నాలుగు రోజులు కదలొద్దన్నారు కాబట్టి గురువారం పొద్దున ఆటో మాట్లాడుకుని స్టేషన్‌కు వెళ్లాం. ఏ స్టేషనో రాయను. నేను, డ్రైవరు, తోడుగా చెల్లెలు. వయసు మళ్లిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన కుర్చీ వేయించి, పెన్ను తీశాడు.

"డ్రైవర్ నిద్రపోయిండా పెద్దమ్మా?"

"నిద్రపోతె నేను గిట్ల కూసోని మాట్లాడుదునా సారూ?"

"మందు గిట్ల తాగిండా?"

"చాయ్ తాగుతడు. అది గుడ నేను పోయిస్తెనే."

"లారీ నంబరు?"

"చూడలే."

"ఆటో నంబరు?"

"చూడలే."

"మరేం చూసిన్రు?"

"ఆకుపచ్చ లారీ. చెక్క బాడీ. మిరప బస్తాలు."

ఆయన నవ్వాడు. "మిరప సీజన్ల ఈ రోడ్డు మీద తిరిగేటియన్ని గవే గద పెద్దమ్మా." పెన్ను కింద పెట్టాడు. "చూడున్రి. నంబరు లేదు, చూసినోడు లేడు. మీకు ఎముక విరిగింది. దానికి ఎవలో ఒకలు జిమ్మేదారి కావాలె. మీ డ్రైవర్‌ను మీరే వెనకేసుకొస్తున్నరని మా ఎస్సై సారు అంటడు. కారు మీద ఆ లారీ రంగేమన్న అంటితె చూపియ్యిన్రి. గుర్తు తెలియని వాహనం అని రాస్త. లేకుంటె అజాగ్రత్తగ నడిపిండని ఈయిన మీద రాసుడే."

నాకు గుండె కుదుటపడింది. కుడివైపు తలుపుల మీద ఆకుపచ్చ చారలు దవాఖాన ముందు దిగినప్పుడు నేనే చూశాను. డ్రైవరూ చూశాడు. "ఉన్నది సారూ, మస్తుగ అంటింది!" అన్నాడు అతను. సాయంత్రం కారు చూడటానికి వస్తానని ఆయన మాటిచ్చాడు.

అప్పటిదాకా పక్కనుంచి నా ప్రతి జవాబుకూ ఏదో ఒకటి కలుపుతున్న మా చెల్లెలు మాట ఆపేసింది. ఆమె అలా ఆగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బయటికి రాగానే నా కొంగు పట్టుకుంది.

"అక్కా, ఏదో ఒక నంబరు చెప్పరాదు? వాళ్లెట్లాగు దొరకరు."

"దొరికితే? ఆ నంబరు బండి నడిపేటోడు గుడ ఇట్లనే ఎవలిదో ఒక ఇంటోడు."

"నీకు మొదటి నుంచి గిదే లొల్లి," అని ఆటో ఎక్కి మొహం అటు తిప్పుకుంది.

కారు మా చెల్లెలి భర్త ఎరువుల దుకాణం గోదాములో పెట్టారు. మేము చేరేసరికి బీమా సర్వేయరు హనుమకొండ నుంచి వచ్చి షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. ముందు అన్నం తినమని చెల్లెలు అతన్ని బతిమాలింది. మజ్జిగైనా తాగమంది. అతను షట్టరు లేపమన్నాడు.

కారు మెరిసిపోతోంది. ముందు బంతిపూల దండ. బానెట్ మీద కుంకుమ బొట్లు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయ చెక్కలు.

"అమ్మా, ఇది యాక్సిడెంటైన బండా, కొత్తగ కొన్న బండా?" అన్నాడు సర్వేయరు. ఫోటోలు తీస్తూ సొట్టల దగ్గర వంగి చూశాడు. "ఫోన్ల ఆకుపచ్చ లారీ అన్నరు. ఇక్కడంత ఎల్లో కలర్ ఉన్నది?" గోటితో గీకాడు. వాసన చూశాడు. మెల్లగా లేచాడు. "అమ్మా, ఇది పెయింటు కాదు. వంటింట్ల పసుపు."

ఇక చెల్లెలికి దాచడానికి ఏమీ మిగల్లేదు.

"లారీ గుద్దిన బండిని గట్లనే ఇంట్ల పెట్టుకుంటరా? సోమారం పొద్దుగాలనే సర్వీసింగ్‌కు పంపిన. ఆకుపచ్చ మరకలు పోతలెవ్వంటె థిన్నర్ పెట్టి తుడిపిచ్చిన. దానికి యాభై రూపాలు ఎక్కువ గుంజిండు గుడ! ఆ ఎన్క పసుపు నీళ్లు చల్లి దిష్టి తీసిన. అక్క పానం దక్కిందని తీసిన. తప్పా?"

డ్రైవరు ఎరువు బస్తా మీద కూర్చుండిపోయాడు. దిష్టి తీయడం తప్పని అతనూ అనుకోడు. సర్వేయరు మాత్రం చెప్పాల్సింది చెప్పాడు. "పైసలు ఆగకపోవచ్చు అమ్మా. గని వేరే బండి తగిలిన ఆనవాలు లేదనే రాయాలె. చూడందాన్ని చూసిన్నని ఎట్ల రాస్త?" అతని చోట నేనున్నా అదే రాసేదాన్ని.

"పగిలిన సైడు అద్దం ఏది? దాన్ని గుడ ఫోటో తియ్యాలె," అన్నాడు.

"పగిలిన అద్దం ఇంట్ల ఉంచుతరా ఎవలన్న?" అంది చెల్లెలు. "గుమ్మడికాయ దిప్పి పలగ్గొట్టి, గవన్ని చాటలకెత్తి మూడు బాటల్ల పోసి వచ్చిన."

"గవన్ని అంటె?" అన్నాను.

"అద్దం ముక్కలు, నిమ్మకాయలు, తలుపు సందుల ఇరికిన కట్టె పేడు..."

"ఏం కట్టె పేడు?"

"నాకేం తెలుసు? అద్దం పక్కన, తలుపు సందులకెళ్లి సర్వీసింగాయిన పట్కారుతోని గుంజిండు. పీడంత పోవాలెనని అది గుడ వేసిన."

డ్రైవరు బస్తా మీద నుంచి లేచి పరుగెత్తాడు. చెయ్యి మెడకు కట్టుకుని నేనూ, కెమెరా పట్టుకుని సర్వేయరూ అతని వెనక వెళ్లాం.

మూడు దారులు కలిసే ఆ చోటు దుకాణానికి దగ్గరే. దిష్టి తీసి పోసిన దాన్ని మా దిక్కున ఎవరూ తొక్కరు, ముట్టరు. దాటేటప్పుడు పిల్లల్ని చెయ్యి పట్టి పక్కకు లాగుతారు. చెల్లెలు సోమవారం పోసింది గురువారానికీ అట్లాగే ఉంది. ఊడ్చేవాళ్లు కూడా దాని చుట్టూ ఊడ్చి వదిలేశారు. ఎండకు వడలిన గుమ్మడి చెక్కలు, కుంకుమ, అద్దం ముక్కలు, వాటి మధ్య మూరెడు కట్టె పేడు. ఒకవైపు ఆకుపచ్చ రంగు. దాని మీద సగం తెగిన ఎర్ర పువ్వు.

డ్రైవరు వంగబోయాడు. సర్వేయరు గట్టిగా ఆపాడు. "ముట్టకు! నువ్వు ముడితె నువ్వే పెట్టినవంటరు. పోలీసాయిన వచ్చి తియ్యాలె." హెడ్ కానిస్టేబుల్‌కు ఫోన్ చేశాం. బయలుదేరుతున్నానన్నాడు. ఆలోపు చెల్లెలూ వచ్చి చేరింది.

అట్లా మేము నలుగురం మార్చి ఎండలో, మా చెల్లెలు తీసి పడేసిన దిష్టికి కాపలా ఉన్నాం. మనుషులతో ఇబ్బంది లేదు. దూరం నుంచే చూసి గోడ పక్కనుంచి పోతున్నారు. సైకిల్ మీద పోతున్న ఒకాయన దిగి, "ఏమైంది అవ్వా, ఎవలన్న పోయిన్రా?" అని అడిగాడు. ఇబ్బందంతా మేకతో వచ్చింది. ఎవరిదో నల్ల మేక గుమ్మడి చెక్క వాసన పట్టి వచ్చింది. డ్రైవరు అదిలిస్తే ఇటునుంచి పోయి అటునుంచి వచ్చింది.

"దీనికి దిష్టి తలుగదా?" అన్నాడు సర్వేయరు.

"మేకకేం తలుగుతది? మేకనే మనం మొక్కుకిస్తం," అంది చెల్లెలు, కొంగుతో దాన్ని కొడుతూ.

హెడ్ కానిస్టేబుల్ వచ్చి బండి స్టాండు వేసి, కింద ఉన్నదాన్ని చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"దీన్ని నేను తియ్యాల్నా?"

"మీరే గద సారూ," అన్నాను.

"కోడలికి నెలలు నిండినయి పెద్దమ్మా. ఇంట్ల తెలిస్తె గడప తొక్కనియ్యరు." సర్వేయరు వైపు చూశాడు. సర్వేయరు ఫోటోలు తీయడంలో మునిగిపోయాడు. నేను ముందుకు పోబోతే, దిష్టి తీసింది నాకే కనుక నేను అసలు ముట్టొద్దని ఇద్దరూ అన్నారు. డ్రైవరు ఆ పేడు నుంచి కళ్లు తిప్పడం లేదు. దగ్గరగానే ఉంది, కానీ అతను ముట్టడానికి లేదు.

చెల్లెలు చెప్పులు విడిచింది.

"జరుగున్రి. పోసింది నేను, ఎత్తేది నేను. సారూ, మీరు దూరంకెళ్లి చూడున్రి. ఎవలు పెట్టిన్రో ఎవలు తీసిన్రో మంచిగ రాయిన్రి."

దేవుడి పేరు తలుచుకుని, కొంగు చివరతో పట్టుకుని, ఆ పేడును పైకెత్తింది. హెడ్ కానిస్టేబుల్ న్యూస్ పేపరు పరిచాడు. గోదాముకు తెచ్చి, పేడును కారు తలుపు సందులో పెట్టి చూస్తే సరిగ్గా పట్టింది. సర్వేయరు ఫోటో తీశాడు. వీధిలో ఇద్దరిని సాక్షులుగా పిలిచి, సర్వీసింగాయనను కూడా పిలిపించి అడిగి, పంచనామా రాశారు. నా వాంగ్మూలంలో నాలుగున్నర అని రాస్తే, నాలుగూ ముప్పై అయిదని దిద్దించాను. "అయిదు నిమిషాలకు ఏం పోయింది పెద్దమ్మా," అన్నాడు కానీ దిద్దాడు. ఇంటికి పోయాక చెల్లెలు తల మీద నుంచి నీళ్లు పోసుకుంది.

బీమా సంగతి ఇక్కడే ముగిస్తాను. రిపేరు బిల్లు నలభై మూడు వేల ఆరు వందలు. ప్లాస్టిక్ సామాన్లకు సగమే ఇస్తామని, అదీ ఇదీ కోసి, ముప్పై ఒక్క వేల రెండు వందల నలభై వేశారు. పాలసీ కాగితం చదివితే కోత సరిగ్గానే ఉంది. లారీ దొరకలేదు. దొరుకుతుందని హెడ్ కానిస్టేబుల్ కూడా అనలేదు.

ఎఫ్ఐఆర్ కాపీ కోసం మరుసటి సోమవారం డ్రైవరూ నేనూ మళ్లీ వెళ్లాం. కాపీ చేతికిచ్చారు. అతను తీసుకోలేదు. "నువ్వు చదువు అవ్వా," అన్నాడు. స్టేషన్ అరుగు మీద కూర్చుని అద్దాలు పెట్టుకుని చదివాను. నిందితుడు అన్న చోట గుర్తు తెలియని లారీ డ్రైవర్ అని ఉంది. మా డ్రైవరు పేరేమో ఆ కిందెక్కడో, సాక్షుల్లో ఉంది. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. బడి వాళ్లకు ఈ కాపీ చూపిస్తే సరిపోతుందా అని హెడ్ కానిస్టేబుల్‌ను అడిగాడు.

"సాక్షి మీద కేసుంటదానయ్యా? చూపియ్యి పో," అన్నాడు ఆయన.

అతను గేటు దాకా నడిచి వాళ్లావిడకు ఫోన్ చేశాడు. వాళ్ల ఇంటి భాషలో గబగబా చెప్పాడు. నాకు అందులో 'సాక్షి' అన్న మాట ఒక్కటే తెలిసింది. దాన్ని మూడు నాలుగుసార్లు అన్నాడు. అవతల ఆమె గట్టిగా ఏదో అంటే నవ్వాడు. ఆ ఆదివారం నుంచి అప్పటిదాకా అతను నవ్వడం నేను చూడలేదు.

తిరిగి వచ్చి, "ఆకలైతుంది అవ్వా," అన్నాడు.

ఎదురుగా ఉన్న హోటల్‌లో కూర్చున్నాం. నేను ఒక ఇడ్లీ తినేలోపు అతను పూరీ తిన్నాడు, దోసె తిన్నాడు, ఇంకో పూరీ చెప్పబోయి, అడగొచ్చా లేదా అన్నట్టు నా వైపు చూశాడు.

"తిను బిడ్డా," అన్నాను.