గోదారి ఒడ్డు దాకా దాచుకున్న ఆకలి

మొన్న హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడ్డానికి పోతే, నగరానికి ఆ చివర ఒక చెరువు ఒడ్డున సముద్రపు చేపలు వండిపెట్టే హోటలు ఒకటి వెలిసిందనీ, అందులో నీళ్లను ఆనుకుని ఉన్న బల్ల దొరకడం ఎమ్మెల్యే టికెట్టు దొరకడం కంటే కష్టమనీ చెప్పి, నన్ను ఈ చివరి నుంచి ఆ చివరికి లాక్కుపోయింది. బయలుదేరేటప్పుడు నున్నగా గీసుకున్న గడ్డం చేరేసరికి మళ్లీ గీసుకోవలసినంత పెరిగిందంటే ఆ దారి ఎంత పొడవో మీరే ఊహించుకోండి. తీరా చేరాక, పళ్లెంలో ఉన్న చేపకూ ఎదురుగా ఉన్న చెరువుకూ ఏనాడూ ముఖపరిచయం లేదని రెండింటి వాలకం చూస్తేనే తెలిసిపోతోంది. తిన్నాక మా అమ్మాయి, "బాపూ, గింత దూరం అచ్చినందుకు గిట్టుబాటయిందా?" అని అడిగింది. నేను మూతి తుడుచుకుంటూ నవ్వాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మా ఇంటిల్లిపాదీ ఒకసారి చాలా దూరమే వెళ్లి వచ్చాం.

ఆ కథకు నాయకుడు మా బావ, అంటే మా అక్క భర్త. సిరిసిల్ల మనిషి. పెళ్లయిన కొత్తలో అక్కడ సాంచెలు నడిపేవాడు, ఆ మరమగ్గాల మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు ఎంత పెరిగిందంటే, సిరిసిల్లలో ఆయన తుమ్మితే కోరుట్లలో మా అమ్మ చిరంజీవ అనేది. తర్వాత మస్కట్ పోయాడు. వాళ్ల క్యాంపు సముద్రానికి కూతవేటు దూరంలోనే ఉన్నా, రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడల్లా ముఖం వేలాడేసి, "సముద్రపు చేపకు ఉప్పు తెలుసు గని పులుసు తెల్వది బామ్మర్దీ" అని నా భుజం మీద చెయ్యి వేసి నిట్టూర్చేవాడు. ఆయన లెక్కలో ఈ భూమండలం మీద చేపలు వండడం తెలిసిన మనిషి ఒక్కతే. బీర్పూర్ దాటిన తర్వాత గోదావరి ఒడ్డున, తాటాకుల పందిరి కింద నాలుగు బల్లలు వేసుకుని హోటలు నడిపే ఒక పెద్దమ్మ. నేను అప్పటికి ఆ హోటలు చూసి ఎరగను, బావ నోటి మీదుగా తినడమే. ఆయన చెప్పగా విన్నదేమిటంటే, అక్కడ గాలం వెయ్యనక్కర్లేదట, పెద్దమ్మ చింతపండు పిసుకుతున్న వాసనకు కొర్రమట్టలు వాటంతటవే ఒడ్డెక్కి, పొలుసులు తామే విప్పుకుని, పొయ్యి మీది గంజు దగ్గర వరస కట్టేవట. ఆ పులుసు కూడా ఇంటికి తెచ్చుకుంటే పనికిరాదనీ, గోదారి చప్పుడు చెవిన పడుతూ ఉంటేనే నాలుకకు రుచి తగులుతుందనీ ఆయన సిద్ధాంతం.

మా అక్క బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, పెళ్లయిన నాటి నుంచీ ఈ వర్ణన వింటూనే ఉంది. ఒడ్డు మీది హోటలు అంటే సీసాలు కూడా ఉంటాయి కాబట్టి ఆడవాళ్లను తీసుకుపోయే ఆచారం లేదు. ఆ ఏడు మాత్రం బావ సెలవు మీద దిగిన నాడే, చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, "మీ మొగోళ్లు తిని అచ్చి కత చెప్తరు. నేను కతనే తినాల్నా?" అని అడిగేసింది. సాంచెల మోతకు కూడా తగ్గని మా బావ గొంతు ఆ పూట తగ్గింది. ఈ సెలవులో నిన్ను గోదారి ఒడ్డున కూచోబెట్టి, ఇద్దరం ఒకే ఇస్తరిలో తిన్నాకనే నేను విమానం ఎక్కుతానని మాట ఇచ్చాడు.

మాట ఇచ్చిన ఏడు ఎట్లాంటిదో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సకల జనుల సమ్మె. నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను గనక కలం జేబులో పెట్టి రోడ్డు మీదికి వచ్చాను. బస్సులు డిపోల్లో నిద్రపోయాయి. మా బావేమో మస్కట్‌లో ఉండి పోగొట్టుకున్న ఉద్యమాన్నంతా ఒక్క సెలవులో వసూలు చేసుకోవాలన్నట్టు, ఈ రోజు సిరిసిల్లలో ర్యాలీ, రేపు జగిత్యాలలో ధర్నా, ఎల్లుండి ముత్యంపేట చెరుకు రైతులతో ఊరేగింపు అంటూ తిరిగాడు. ఆయన జై తెలంగాణ అంటే టెంటు గుంజలు ఊడొచ్చేవని పేరు. అట్లా తిరిగి తిరిగి, అత్తగారింట్లో చెప్పి పోదామని అక్కతో కోరుట్ల వచ్చేసరికి, సెలవులో మిగిలింది ఒక్క పగలు. మర్నాడు తెల్లవారగానే హైదరాబాదుకు జీపు మాట్లాడి పెట్టారు. అక్క బట్టలు సర్దుతూ పెట్టె మూత కాస్త గట్టిగా వేసింది. ఆ చప్పుడుకు బావ లేచి మా వాడకట్టులోని చాచా దగ్గరికి పరుగెత్తాడు.

చాచాకు ఆటో ఉండేది. హారన్ తప్ప తక్కినవన్నీ మోగే ఆటో. దాని నెత్తిన జెండా కట్టి, ముందు చాచా, వెనక మేము ముగ్గురం, పొద్దున టిఫిను కూడా ముట్టకుండా బయలుదేరాం. కడుపు ఖాళీగా పెట్టుకోవాలని బావ ఆజ్ఞ.

కోరుట్ల పొలిమేర దాటామో లేదో, రోడ్డుకు అడ్డంగా రాళ్లు, రాళ్ల వెనక పొయ్యిలు, పొయ్యిల వెనక బడి పంతుళ్లు. వంటా వార్పూ! రోడ్డు మీదనే వండి, రోడ్డు మీదనే తిని, దారిన పోయేవాళ్లకు పెట్టి నిరసన తెలిపే ఆ పద్ధతి ఇంకే దేశంలోనైనా ఉందో లేదో నాకు తెలియదు. పంతుళ్లు ఉప్మా చేశారు. ఆ ఉప్మాతో గోడ కడితే భూకంపానికి చెక్కుచెదరదు. మేము తొందరలో ఉన్నామని బావ బతిమాలబోతే, ఒక పంతులు గరిటె అడ్డం పెట్టి, "తెలంగాణ అన్నం తినకుంట తెలంగాణల ఏడికి పోతరే?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మొనగాడు అప్పటికి పుట్టలేదు. తిన్నాం.

జగిత్యాలలో అడుగుపెట్టేచోట వకీళ్లు బగార అన్నం వండారు. వాదించుకుంటూ వండారేమో, సగం మెతుకులు ఉడికి సగం మెతుకులు వాయిదా పడ్డాయి. చౌరస్తాలో బీడీలు చుట్టే ఆడవాళ్ల పొయ్యి. అక్క వేళ్లు చూసి తమ మనిషేనని పోల్చుకుని, జొన్నరొట్టె మీద రొట్టె వేసి, పచ్చిపులుసు మీద పచ్చిపులుసు పోశారు. తినకపోతే పోనియ్యరు, తింటే పోలేము. అది దాటేసరికి నా కడుపు నాకంటే ముందు నడుస్తోంది, ఆటో ఒకవైపు ఒరిగింది. చాచా నుదుటి చెమట తుడుచుకుని, "యా అల్లా, గీ తెలంగాణ తొందరగ ఇయ్యున్రి, లేకుంటె నా కడుపు పలుగుతది" అని ఆకాశానికి మొర పెట్టుకున్నాడు.

మూడుచోట్లా బావ మాత్రం ఒక్క ముద్ద నోట్లో వేసుకుని, తక్కినది నా ఇస్తరిలోకి జరిపి, జై తెలంగాణ అని ముందే కేక పెట్టి తప్పించుకున్నాడు. మునులు తపస్సును కాపాడుకున్నట్టు తన ఆకలిని కాపాడుకుంటున్నాడు. పొద్దు వాలుతుంటే అక్క మాటిమాటికీ ఎండ వైపు చూస్తోంది. పొద్దుండగా ఒడ్డు అందకపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలనే సంగతి ఆటోలో అందరికీ తెలుసు.

బీర్పూర్ దగ్గరికి వస్తుంటే ఒక కూడలిలో మళ్లీ రాళ్లు. ఈసారి వాసన ముందే వచ్చి మమ్మల్ని ఆపింది. చేపల పులుసు! పెద్ద గంజులో కుతకుతలాడుతోంది, పొగ చాటున ఒక ముసలామె గరిటె తిప్పుతోంది. నేను ఆటోలోంచి కాలు కింద పెట్టబోతే బావ నా అంగీ పట్టి వెనక్కి గుంజాడు. రోడ్డు మీది పులుసు కూడా ఒక పులుసేనా, ఒడ్డు చేరేదాకా ఎవరూ ముట్టొద్దన్నాడు. రుమాలు ముఖం మీద కప్పుకుని, ముక్కు మూసుకుని కూర్చున్నాడు. ఒకామె దొప్పతో ఆటో దగ్గరికి వచ్చి, "ఎందుకన్నా గట్ల దాసుకుంటున్నవ్, ఉపాసమా?" అంది.

"ఒడ్డు మీద తింట చెల్లె, నా ఆకలి ఆడికే" అన్నాడు రుమాలు కిందినుంచి.

"ఒడ్డు మీద ఏమున్నదే, ఉస్కె బుక్కుతవా?" అని ఆమె పకపకా నవ్వింది. ఇసుక తినే మనిషిని తలుచుకుని ఆడవాళ్లంతా నవ్వారు.

అక్క మాత్రం దిగింది. పెట్టిన కూడు వద్దనడం తనకు చాతకాదంది. ఆడవాళ్ల మధ్యన తారు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని, దొప్పలో ముద్దలు కలుపుకుంటూ, పొగ చాటు ముసలామెతో ఏదేదో ముచ్చట పెడుతూ, ఎంత నిదానంగా తిన్నదంటే అది చూస్తూ నేనూ చాచా చెరొక సేరు ఉమ్మి మింగాం. మా అక్క అంత స్థిమితంగా కూర్చుని తినడం నేనదివరకు చూడలేదు. ఇంట్లో ఎప్పుడూ ఒక కాలు వంటింట్లో, ఒక చెయ్యి చాటలో పెట్టుకుని తినేది. ఎక్కాక కొంగుతో చెయ్యి తుడుచుకుని పద అంది.

గోదారి ఒడ్డు చేరేసరికి పొద్దు నీళ్లమీద ఎర్రగా పరుచుకుంది. తాటాకుల పందిరి ఉంది. నాలుగు బల్లలున్నాయి. పొయ్యిలో బూడిద ఉంది. ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. పెద్దమ్మ ఏదని బావ పెట్టిన కేకకు గోదారి అవతలి ఒడ్డున కొంగలు లేచాయి.

ముసలాయన తీరిగ్గా తలెత్తి, "ముసల్దా? పొద్దుగాల్నే గంజులు, చేపలు అన్ని ఎత్తుకొని చౌరస్తకు వాయె. బండ్లు బందయినయ్, గిరాకి ఏడికెల్లస్తది, ఉద్యమంల పెడుత అన్నది. మీరచ్చిన తొవ్వలనే ఉండాలె గదా, కండ్లవడలేదా?" అన్నాడు.

మా బావ ముఖాన్ని వర్ణించడానికి నాకున్న అతిశయోక్తులన్నీ చాలవు. పొద్దుటి నుంచీ కాపాడుకున్న ఆకలితో సహా ఉన్నచోటనే ఇసుకలో కూలబడ్డాడు. అప్పుడు అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామన్నా ఆగని నవ్వు. ఆ ముసలామె తన హోటలు సంగతి అక్కతో అక్కడే చెప్పిందట! మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని బావ ఏడుపు ముఖం పెట్టాడు.

"చెప్తె నువ్వు ఆడికెల్లే ఎనుకకు మర్రుదువు. నేను గోదారి సూడాల్నా వద్దా?" అంది అక్క.

నీళ్ల అంచున ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వెనక్కి పోయేసరికి ఆ గంజు అడుగంటుతుందని చాచా లెక్క చెప్పాడు. అక్క నీళ్లలో కాళ్లు పెట్టుకుని, చేపలు నేను తిన్న, నీళ్లు ఇద్దరం చూసినం, నువ్వొక్కనివే ఉపాసమున్నవ్, మళ్ల అచ్చినప్పుడు తిందాం తియ్యి అంది. మళ్లీ వచ్చినప్పుడు అనే మాట దగ్గర ఆమె నవ్వు ఆగిపోయింది. బావ ఆమె కాళ్లకంటిన ఇసుక కడిగాడు. నేనూ చాచా అవసరం లేకపోయినా ఆటో టైర్లు పరీక్షించడానికి అటు వెళ్లిపోయాం. మర్నాడు జీపు వచ్చింది, పోయింది.

ఈసారి సెలవు దొరకడానికి మూడేళ్లు పట్టి, బావ మళ్లీ వచ్చేసరికి తెలంగాణ వచ్చింది. మాట మాటే గనక వచ్చిన వారంలోనే అదే చాచా ఆటోలో, అందరం ఖాళీ కడుపులతో బయలుదేరాం. ఏ పొలిమేరలోనూ రాళ్లు లేవు. పంతుళ్లు బడిలో ఉన్నారు, వకీళ్లు కోర్టులో ఉన్నారు, బీడీల చాటలు ఎవరి గడపలో వాళ్లవి. మమ్మల్ని ఎటు పోతున్నారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఎంత తొందరగా చేరిపోయామంటే, వంట కాలేదని పెద్దమ్మే మమ్మల్ని కూర్చోబెట్టింది. పందిరి కింద, గోదారి చప్పుడు చెవిన పడుతుండగా, బావా అక్కా ఒకే ఇస్తరిలో తిన్నారు. బావ చెప్పినదానిలో అబద్ధం లేదు. పులుసు నేను చెప్పగలిగిన దానికంటే బాగుంది, అంతకంటే ఎక్కువ నేను చెప్పలేకపోవడం నా జీవితంలో అదే మొదలు.

బావ ఎట్లున్నదని అడిగాడు. అక్క బాగున్నదంది. నిజంగానే బాగున్నదని రెండోసారి కూడా అంది. కానీ గోదారి వైపు వీపు పెట్టి, మేము వచ్చిన రోడ్డు వైపే చూస్తూ తింటోంది, ఎవరైనా అడ్డం వచ్చి, ఆపి, తిన్నాక పొమ్మంటారేమోనన్నట్టు. ఆ రోడ్డు ఇప్పుడు ఇంకా నున్నగా, ఇంకా వెడల్పుగా అయింది. దాని మీద ఏ ఊరినైనా ఎవరి చేతి ముద్దా తినకుండానే దాటేయవచ్చు.