కదలని జింక్ ఆక్సైడ్

లాక్‌డౌన్‌లో సూరత్ సగం ఖాళీ అవుతుంటే, గోడాదరాలోని మా ఒక్క గది ఇంట్లో కూర్చుని నేను జింక్ ఆక్సైడ్‌ను నొక్కుతున్నాను. నొక్కడం కంప్యూటర్‌లోనే లెండి. అప్పటికి పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ స్ఫటికంలో మామూలుగా ఒక్కో జింక్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటాయి. తొమ్మిది పది గిగాపాస్కల్స్ ఒత్తిడి దగ్గర అవి సర్దుకుని, ఉప్పులో లాగా, ఆరవుతాయి. దాంతో లోపలి ఎలక్ట్రాన్ల తీరూ మారుతుంది. ఆ మార్పును లెక్కగట్టడమే నా పని.

మరమగ్గాలు ఆగిపోయి బాపు ఇంట్లోనే ఉన్నాడు. పని లేదు, పైగా జబ్బు భయం. ఊరికి పోతే కనీసం మనవాళ్ళ మధ్య ఉంటామని ఆయన ఆశ. కార్మికుల రైలుకు మా వాడకట్టాయన ఒకడు పేర్లు రాసుకుంటూ వస్తే నేను అడ్డం పడ్డాను. ఆ పాత డెస్క్‌టాప్‌ను రైల్లో మోసుకుపోలేం, లెక్క మధ్యలో ఆపలేం, ఇంకా ఇరవై రోజులు కావాలి అన్నాను. సైన్స్ అంతా నా కోసమే ఆగి ఉన్నట్టు మాట్లాడాను. అమ్మ అప్పటికే మూటలు కట్టింది. బాపు విప్పమన్నాడు.

ఇరవై రోజులయ్యాక చూస్తే, పదిహేను గిగాపాస్కల్స్ దాకా నొక్కినా జింక్ ఆక్సైడ్ ఉలకలేదు, పలకలేదు. నా లెక్క తప్పేమోనన్న అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు. లోకమంతా పొరబడిందని, నేనొక్కదాన్నే కనిపెట్టానని అనుకున్నాను. ఫోన్ చేసి మా సార్‌కు అదే చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఒత్తిడి ఏ కొలతలో ఇచ్చావమ్మా?" అని మాత్రం అడిగారు.

నేను గిగాపాస్కల్స్ అనుకుని అంకెలు కొట్టాను. ప్రోగ్రాం వాటిని కిలోబార్లుగా తీసుకుంది. పది కిలోబార్లయితే ఒక గిగాపాస్కల్. ఏనుగును ఎక్కించాననుకుని మేకను నిలబెట్టి, కదల్లేదని చాటింపు వేశానన్నమాట.

రెండు రోజులు బాపు మొహం చూడలేకపోయాను. మూడో రోజు పొద్దున చెప్పేశాను.

"కొలత చూస్కోలే బాపూ. గిన్ని దినాలు బూడిదల పోసిన పన్నీరైంది. నా వల్లనే మనం ఊరికి పోలే."

బాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "గీడికొచ్చిన కొత్తల నేను గూడ గట్లనే జేసిన. మన తాన నూలు నంబర్ పెరిగితే దారం సన్నగైతది. ఈడ పాలిస్టర్ దారాన్ని డెనియర్ల కొలుస్తరు, గా నంబర్ పెరిగితే దొడ్డుగైతది. నాకేమెరుక? సన్న చీరెకని పెద్ద నంబర్ ఎక్కించిన. గోనెసంచి లెక్క వచ్చింది. సేఠ్ తిట్టిండు. అంత తీసి మల్ల ఎక్కించిన."

అమ్మ నవ్వింది. నాకు మాత్రం బాపు నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రమే పేర్లాయన మళ్ళీ వచ్చాడు. "ఇంకో రైలుందన్నా, గిదే ఆఖరు గావచ్చు" అన్నాడు.

"పోదాం బాపూ" అన్నాను నేను. మనస్ఫూర్తిగానే అన్నాను.

బాపు నా మాట విననట్టే గుమ్మంలోకి వెళ్ళాడు. "మేం రాం తమ్మీ. మా పని జర తప్పింది. తీసి మల్ల ఎక్కియ్యాలె. ఇంకో ఇర్వై దినాలు పడ్తది."

మా పని అన్నాడు. గోడవైపు తిరిగి ఏడ్చాను. ఈసారి అంకెలు కొట్టేముందు కొలత ఏదో బాపుకు పైకి చదివి వినిపించాను.