మా అత్త మలయా మాటలు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా మేనత్త పోయింది. ఎనభై నాలుగేళ్లు. ఖిదిర్‌పూర్‌లో ఆవిడని ఎరిగినవాళ్లంతా వచ్చారు. చర్చివాళ్లు, చేపల బజారువాళ్లు, వీధి చివర టైలరు దాదా. నిండుగా బతికిందని అందరూ అన్నారు. నిజమే. కానీ ఒక్క కోరిక తీరకుండానే పోయింది. అది తీర్చగలిగినదాన్ని నేను, తీర్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తా, మా నాన్నా పుట్టింది మలయాలో, రబ్బరు తోటలో. ఆ దేశాన్ని మలేసియా అనడం ఆవిడకి చివరిదాకా అలవాటు కాలేదు. శ్రీకాకుళం నుంచి తోట పనికి వెళ్లారు తాతయ్యావాళ్లు. నాయనమ్మ అక్కడే పోయాక తాతయ్య పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని ఓడెక్కి ఈ బెంగాలీవాళ్ల ఊరొచ్చి, ఇక్కడి ఓడరేవు డాకుల్లో పనికి కుదిరాడు. అప్పటికి అత్తకి పద్నాలుగు, నాన్నకి పది. అత్త పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండిపోయింది. గుమ్మంలోకి ఎవరొచ్చినా, కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషైనా సరే, ముందు "తిన్నావేటి?" అనేది. "ఆకలడిగినోళ్లే అయినోళ్లు" అని ఆవిడ సిద్ధాంతం.

తోట పక్క ఊరి పిల్లలతో ఆడుకుంటూ నేర్చిన మలయా భాష ఆ అక్కాతమ్ముళ్లకి జన్మంతా మిగిలింది. పిల్లలం వినకూడని సంగతులన్నీ అందులోనే. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏదో అనుకుని పగలబడి నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "ఏటత్తా ఆ నవ్వు?" అంటే, "పెద్దోళ్ల ఊసులు నీకెందుకే గుంటా, పోయి సదూకో" అనేది.

పదేళ్ల కిందట నాన్న పోయాడు. నెల తిరక్కుండానే అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నేర్పుతాను, నేర్సుకోవే. మాటంటే ఇనప పెనం లాటిది. పొయ్యెక్కకపోతే తుప్పట్టీస్తాది" అంది. న్యూ టౌన్‌లో ఉద్యోగం, రెండు బస్సులు, అలసట అంటూ ఏకరువు పెట్టాను. మూడుసార్లు అడిగింది. ఆ తర్వాత అడగలేదు. రోషం గల మనిషి.

ఆ మధ్య మా ఆఫీసు పక్క సందులో మలేసియా హోటలొకటి తెరిచారు. హంగులేం లేవు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద సముద్రం బొమ్మ. చెబితే అత్త మొహం వెలిగిపోయింది. తిండి మీద ఆశ అనుకున్నాను. వారం రోజులు వంటింట్లో తనలో తాను గొణుక్కుంటుంటే వయసు మీద పడిందనుకున్నాను. మరిచిపోయిన మాటలు కూడగట్టుకుంటోందని నాకేం తెలుసు!

ఆదివారం చర్చి నుంచి నేరుగా తీసుకెళ్లాను. ఆర్డరు కోసం వచ్చిన నడివయసు బెంగాలీ ఆయనతో అత్త "సుదా మకాన్?" అంది. తిన్నావా అని. ఆ ఒక్కటీ నాకూ తెలుసు. నాన్న పని నుంచి రాగానే ఆవిడ అడిగే మాట. వెంటనే ఇంకేదో గబగబా చెప్పి, జవాబు కోసం ఆయన మొహంలోకి చూసింది. ఆయన నా వైపు తిరిగి, "దీదీ, మాషీమా కీ బోల్‌ఛేన్?" అన్నాడు, పెద్దావిడ ఏమంటున్నారని. వంటాయన్ని పిలిచారు. ఆయనది కాలింపాంగ్ కొండల వైపు, ఆయనకీ ఆ భాష రాదు. హోటలు యజమాని ఆ దేశానికి ఒక్కసారి షికారుకెళ్లొచ్చాడట, అంతే.

"ఇక్కడెవలూ లేరేటే?" అంది అత్త మెల్లగా.

కొబ్బరిపాలతో వండిన అన్నం, వేయించిన నెత్తళ్లు, మిరపకాయ పచ్చడి, ఉడికించిన గుడ్డు అరిటాకు మీద వచ్చాయి. "మూడు నెత్తళ్లేటి, ముష్టేసినట్టు" అని విసుక్కుంది గానీ మెతుకు మిగల్చలేదు. వెళ్తూ వంటాయనతో "సెడాప్" అంది, రుచిగా ఉందని. మెనూ మీద ఉన్న మాటే కాబట్టి అతను నవ్వి, "సెడాప్, మాషీమా, సెడాప్!" అన్నాడు. ఆ ఒక్క జవాబుకే ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అయినా ఇంటికొచ్చి నేర్పమని అడిగానా? లేదు. నెలకోసారి ఆ హోటలుకి తీసుకెళ్తే చాలనుకున్నాను. ఆ ఒక్క మాట వినడానికి ఆవిడ టాక్సీలో గంటకు పైగా కూర్చుని వచ్చేది.

ఆస్పత్రిలో చివరి రెండు రోజులు ఆవిడకి తెలుగు పోయింది, బెంగాలీ పోయింది. మలయా భాష ఒక్కటే మిగిలింది. నర్సులు సంధి అనుకున్నారు. నా కళ్లలోకి చూస్తూ ఒకటే ప్రశ్న అడిగేది, ఆగేది, మళ్లీ అడిగేది. నీళ్లు చూపిస్తే చేత్తో పక్కకి నెట్టింది. దిండు సర్దితే తల అడ్డంగా ఊపింది. అనువాదం చేస్తుందేమోనని ఫోన్‌కి వినిపించాను, ఆ నీరసపు గొంతు దానికీ అందలేదు. మంగళవారం పొద్దున్న, ఇంకేం చేయాలో తోచక "ఊఁ అత్తా" అన్నాను.

అమ్మయ్య అన్నట్టు చూసి, కొంచెం కొంచెంగా గోడవైపు జరిగింది. ఒక పిల్లాడికి సరిపడా చోటు చేసి, పరుపు మీద చేత్తో తట్టింది. నన్ను పదేళ్ల తమ్ముడనుకుందేమో. చెప్పులు విప్పి, ఆ చోట్లో ముడుచుకుని పడుకున్నాను. అత్త తన దుప్పట్లో సగం తీసి నా మీద కప్పింది.