పాట వచ్చింది, గొంతు రాలేదు

2004 వేసవి. మదనపల్లెలో బస్టాండు వెనక సందులో నా రిపేరు షాపు. అంతకుముందు పదిహేనేళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి బతికినవాణ్ణి. అవి మూలపడ్డాక కంప్యూటర్ స్పీకర్ల మీద పడ్డాను. ఆదివారం వచ్చిందంటే చాలు, పక్కనే ఉన్న అంగళ్లు అనే ఊరి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లకాయలు స్పీకర్లు చంకన పెట్టుకుని దిగేవాళ్లు. దాదాపు అందరివీ రెండే జబ్బులు. వైరు మధ్యలో వేలాడే వాల్యూమ్ కంట్రోలన్నా చెడి ఉంటుంది, కంప్యూటర్‌లో గుచ్చే పిన్నన్నా విరిగి ఉంటుంది.

వాల్యూమ్ కంట్రోల్ అంటే అగ్గిపెట్టె అంత డబ్బీ. లోపల చిన్న చక్రం, దాని కింద కార్బన్ పూత. తిప్పీ తిప్పీ ఆ పూత అరిగిపోతే స్పీకరు గరగరమంటుంది. కొత్త డబ్బీ బజార్లో దొరకదు. పాత సెట్లో నుంచి పీకి అతికించాల్సిందే. పిన్ను దగ్గర మూడు తీగలు ఉంటాయి. ఎడమ స్పీకరుకు ఒకటి, కుడి స్పీకరుకు ఒకటి, రెండింటికీ ఉమ్మడిగా ఎర్త్ ఒకటి. ఆ మూడో తీగ దగ్గర నేను ఒక మనిషిని నిండా ముంచాను. ఇన్నేళ్ల పనిలో మెచ్చుకోళ్లు కూడా ఉన్నాయి గానీ, మీకు చెప్పాల్సింది ఇదే.

ఆ రోజు పుంగనూరు బస్సు దిగి మొగుడూ పెళ్లాలు వచ్చారు. ఆమె చేతిసంచిలో స్పీకర్లు. ఆయన నెత్తిన దుప్పట్లో చుట్టిన కంప్యూటర్ పెట్టె. అంత ఎండలోనూ ఆయన మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. మాట్లాడిందంతా ఆమే. పేరు రెడ్డెమ్మ.

"అప్పా, ఈ డబ్బీ తిప్పితే గరగరా అంటాది. పాట సరింగా వినబళ్లేదు. జాగర్తగా సెయ్యప్పా. ఇందులో ఈయప్ప గొంతుండాది."

ఈయప్ప అంటే ఆమె భర్త మునెప్ప. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో చెక్క భజన, అంటే చేతిలో చెక్కలు వాయిస్తూ ఆడి పాడే భజన, నేర్పే గురువు. పాటలు ఆయనే కట్టేవాడు, ఆయనే పాడేవాడు. గొంతులో కేన్సర్ పడింది. గొంతు తీసేస్తే గానీ మనిషి దక్కడని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు రెడ్డెమ్మ ఆయన్ను కుప్పంలో ఒక చిన్న స్టూడియోకు తీసుకుపోయి పాడించింది.

"ఎనిమిది పాటలు ఒక్క పూటలో పాడేసినాడప్పా. పాడేటప్పుడు బాగనే ఉండాడు. బయటికొచ్చి మెట్లమీద కూసోని ఏడిసినాడు," అంది.

స్టూడియో వాళ్లిచ్చిన సీడీ ఏడాదిలోనే గీతలు పడి పనికిరాకుండా పోయింది. అదృష్టం కొద్దీ అంతకుముందే ఆమె తమ్ముడు ఆ పాటలను ఒక పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ కంప్యూటర్నే వాళ్లకిచ్చాడు. అందులో ఆ ఎనిమిది పాటలు తప్ప ఇంకేమీ లేవు. సాయంత్రం పూట అవి పెట్టుకుని, మునెప్ప చెక్కలు పట్టుకుని కూర్చునేవాడట.

కరెంటు కోతల రోజులు. ఇంకో గంటలో పోతుందని హడావుడిగా పని మొదలుపెట్టాను. అరిగిన డబ్బీ తీసేసి, పాత సెట్లోది వేశాను. పిన్ను కూడా వదులుగా ఉందని కొత్తది బిగించాను. నా మానిటర్‌కు వాళ్ల పెట్టె తగిలించి ఆన్ చేశాను. విండోస్ తెరుచుకునే శబ్దం వచ్చింది. గరగర లేదు. మొదటి పాట పెట్టాను. కీబోర్డు సంగీతం వచ్చింది, డోలక్ వచ్చింది, తాళాలు వచ్చాయి. గొంతు రాలేదు. చెవి ఆనించి వింటే, బావి అడుగున ఎవరో మూలుగుతున్నట్టు ఏదో ఉందంతే. రెండో పాట పెట్టాను. అదీ అంతే. ఎనిమిదీ అంతే.

మునెప్ప స్టూలు మీద నుంచి దిగ్గున లేచాడు. పిన్ను దగ్గర వైరు పట్టుకుని నా ముఖం ముందు ఊపాడు. రెండు వేళ్లు కత్తెరలా ఆడించి చూపించాడు. ఆయన ఏదో చెబుతున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ గొంతు పోయిన బాధలో చేస్తున్నాడులే అనుకున్నాను. మాట రాని మనిషికి పని మాత్రం ఏం తెలుస్తుందిలే అని నా పొగరు.

"స్పీకరు బాగుండాది అన్నా, రెండు పక్కలా మోగుతాండాది సూడు," అని ఆయన్ను కూర్చోబెట్టి రెడ్డెమ్మ వైపు తిరిగాను. "లోపం పాటలోనే ఉండాదమ్మా. వైరస్ పడింది."

"వైరస్ అంటే?"

"కంప్యూటర్‌కు పట్టే పురుగు. ఉండేదాన్నంతా తినేస్తాది."

"వాయిద్యాలు వదిలిపెట్టి గొంతునే తినిందా అప్పా? ఆడ ఆస్పత్రిలో గూడా దాన్నే తీసేసిరి. ఈడ గూడా దాన్నేనా?"

ఆ ప్రశ్న దగ్గరైనా నేను ఆగి ఉండాల్సింది. గొంతునే ఎందుకు తింటుంది? నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు ఏం జరిగినా వైరస్ అనేవాళ్లం. వైరస్ అంటే మందు ఒకటే, ఫార్మాట్ కొట్టడం. అంటే లోపలున్నదంతా తుడిచేసి మళ్లీ కొత్తగా ఎక్కించడం. నా షాపు మేడ మీద శీనా అని నా స్నేహితుడు ఆ పనే చేసేవాడు.

"ఇంగ రాదా అప్పా?"

"రాదమ్మా. అట్లే పెట్టుకుంటే కంప్యూటరే పోతాది. ఫార్మాట్ కొట్టిచ్చేయండి."

మునెప్ప పెట్టె మీద రెండు చేతులూ వేసి అడ్డంగా తల ఊపాడు. రెడ్డెమ్మ ఆయన చేతులు మెల్లగా తీసింది. కరెంటు పోయి మళ్లీ వచ్చాక, గంటలో శీనా అంతా తుడిచేశాడు. ఖాళీగా ఎందుకులే అని నాలుగు దేవుడి పాటలు కూడా ఎక్కించాడు. అది ముగిసేదాకా మునెప్ప ఉండలేదు. ఒక్కడే బస్టాండుకు నడిచిపోయాడు.

ఇరవై రోజుల తర్వాత రెడ్డెమ్మ ఒక్కతే వచ్చింది. చేతిలో స్పీకర్లు.

"అప్పా, మేడమీదాయప్ప ఎక్కిచ్చిన దేవుని పాటల్లో గూడా గొంతుల్లేవు. అన్నిట్లోనూ వాయిద్యాలే. మళ్లా వైరస్ పడిందా?"

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తట్టింది నాకు. రేడియోలు చూసిన కళ్లు నావి. రేడియోలో ఎర్త్ తెగితే మొత్తం శబ్దమే పోతుంది. అందుకే శబ్దం వస్తున్నదంటే ఎర్త్ బాగున్నట్టేనని నా లెక్క. స్టీరియో సంగతి వేరు. అందులో గొంతును రెండు స్పీకర్లకూ సరిసమానంగా పంచుతారు, వాయిద్యాలను కొంచెం అటూ ఇటూ జరుపుతారు. ఎర్త్ తెగిందంటే ఎడమ, కుడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు పక్కలా సమానంగా ఉన్నది మాయమైపోతుంది. అంటే గొంతు. మిగిలేది వాయిద్యాలు.

ఆమె ముందే పిన్ను విప్పాను. ఈ వైర్లలో తీగలు వెంట్రుకంత సన్నం, పైన కంటికి కనిపించని వార్నిష్ పూత. దాన్ని లైటర్‌తో కాల్చి, గీకి, అప్పుడు సోల్డరింగ్ చేయాలి. రంగు తీగలు రెండింటినీ కాల్చాను. మూడోది రాగి రంగులో ఉంది కదా, పూత లేదనుకుని అలాగే లెడ్డు పోశాను. పైకి పట్టినట్టే కనబడింది. గోటితో లాగితే ఊడి చేతిలోకి వచ్చింది.

కాల్చి, మళ్లీ అతికించి, ఆమెను కూడా తీసుకుని పైకి పోయి శీనా కంప్యూటర్‌కు తగిలించి దేవుని పాట పెట్టాను. ఎవరో ఆడమనిషి గొంతు గదంతా నిండింది.

"గొంతొచ్చె," అంది రెడ్డెమ్మ. ముఖం వెలిగింది. కంప్యూటర్లో గుచ్చిన పిన్నును చూసింది, నన్ను చూసింది. ఆ వెలుగు పోయింది. "అంటే ఆ పొద్దు గూడా... ఈయప్ప గొంతు ఉండిందా అప్పా?"

వైరస్ పోయిందమ్మా అంటే నమ్మి వెళ్లిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఉండిందమ్మా. లోపం నేనేసిన పిన్నులో ఉండింది. తప్పు నాదే."

తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. నేలమీద కూలబడింది.

"బస్సులో పొయ్యేటప్పుడు గూడా వైరు, వైరు అని చేత్తో సూపిస్తానే ఉండాడప్పా. మెకానిక్కు కంటే నీకు బాగ తెలుసా అని నేనే కసిరినాను."

వాళ్ల పెట్టె మళ్లీ తెప్పించుకుని, పోయిన పాటల కోసం శీనా మూడు రోజులు కూర్చున్నాడు. తుడిచినదాని మీద మళ్లీ విండోస్, మళ్లీ పాటలు పడ్డాయి. ఏమీ దొరకలేదు. నేను కుప్పం పోయి ఆ స్టూడియో పట్టుకున్నాను. స్టూడియో ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "పాడినోళ్ల గొంతులు మేము దాసిపెట్టుకోం అన్నా, కంప్యూటర్లో జాగా సాలదు. మ్యూజిక్ మాత్రం ఉండాది. ఇంగొకరికి పనికొస్తాది గదా." హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టాడు. అదే కీబోర్డు, అదే డోలక్. కాపీ ఇమ్మంటావా అని అడిగాడు. వద్దప్పా అని లేచి వచ్చేశాను.

మర్నాడు పుంగనూరు పోయాను. మునెప్ప గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆయనకు ముందే తెలుసు. ఒళ్లో ఉన్న నోటుబుక్కు తీసి నెమ్మదిగా రాసి నా వైపు తిప్పాడు. 'నా పాట నువ్వు ఎప్పుడన్నా విన్నావా?'

"లేదన్నా," అన్నాను.

ఆయన రెడ్డెమ్మ వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల తిప్పుకుంది. ఆయన చూపు తిప్పలేదు. చివరికి ఆమె కొంగుతో మూతి తుడుచుకుని పాట ఎత్తుకుంది. ఒక చరణం పాడి ఆపేసింది.

"ఇట్ల గాదప్పా. ఈడ ఈయప్ప గొంతు ఇంగా పైకి పొయ్యేది."

మునెప్ప అరచేయి పైకెత్తాడు. ఆమె ఇంకొంచెం పైకి పాడింది. ఆయన చేయి ఇంకా పైకి లేచింది. ఆమె ఇంకా ఎత్తింది. ఆయన తల అడ్డంగా ఊపి, చేయి తలకంటే పైకి లేపాడు. ఆమె గొంతు చీలిపోయింది. దగ్గు వచ్చి ముఖం కప్పుకుంది. ఆయన చేయి దించలేదు. నాకేసి చూస్తూ ఆ ఎత్తునే పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను పని నేర్చుకున్నాను. మూడో తీగను కాల్చకుండా లెడ్డు పోయను. ఇంకో స్పీకరు పెట్టి వినకుండా పాట చెడిందని చెప్పను. తెలియనిదాన్ని తెలియదంటాను. సామాను ఎవరిదో వాళ్లనే అడుగుతాను, మాట రాకపోతే కాగితమిచ్చి రాయమంటాను. అన్నీ నేర్చుకున్నాను, నిజమే. దానివల్ల మునెప్పకు ఏం ఒరిగింది?