లోనకి రా

పక్కింటి పిన్నిగారు పోయారని మా అమ్మ కిరందుల్ నుంచి ఫోను చేసేసరికి నేను గీదంలో, టీచరుగా చేసే బడికి బయల్దేరుతున్నాను. ఒక కాలికి చెప్పు వేసుకున్నాను, రెండోది చేతిలో ఉంది. "నిద్దట్లోనే వెళ్ళిపోయిందే! నిన్న సాయంత్రం దాకా మగ్గం దగ్గరే ఉంది" అంటూ అమ్మ ఏడ్చేసింది. ఆ చెప్పు పట్టుకుని నేను గడపమీదే కూలబడ్డాను.

పిన్నిగారిది శ్రీకాకుళం వైపు నేతవాళ్ళ ఇల్లు. రైల్వేలో పనిచేసే బాబాయిగారిని చేసుకుని మా ఇనపగనుల ఊరు కిరందుల్‌కి వచ్చారు. రైలుపట్టాల కింది పాత స్లీపరు చెక్కలతో వెనక వసారాలో నిలువు మగ్గం కట్టించుకున్నారు. మా రెండు క్వార్టర్లకీ గోడ ఒకటే కాబట్టి, ఆవిడ పేక దట్టించే చప్పుడుతోనే మాకు తెల్లారేది. ఎవరింట చీర చిరిగినా అడిగి పట్టుకెళ్ళి, పీలికలు చేసి నేసేవారు. ఖనిజం దుమ్ముకి తెల్లబట్టలన్నీ ఎర్రబడిపోతున్నాయని మేమంతా తిట్టుకుంటుంటే ఆవిడ మాత్రం, "కొండే అద్దకం అద్దింది, ఇంకేటి కావాలి?" అనేవారు.

తర్వాత తుపాకుల గొడవల రోజులొచ్చాయి. అడవిలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయేవి. మా కాలనీలో పట్టపగలే గేట్లకి తాళాలు. ఓ వానరోజు మధ్యాహ్నం, అడవిలో ఆవపల్లి వైపు గోండు మనిషి ఒకామె పిన్నిగారి గేటు పట్టుకుని నిలబడింది. ఖదానులో, అదే గనిలో, కూలికొచ్చిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం "లోన్... లోన్..." అని ఒకటే మాట. మా అమ్మ గభాలున కిటికీ మూసేసింది. పిన్నిగారు గొడుగైనా లేకుండా పరుగెత్తి గేటు తీశారు. "లోనకి రా తల్లీ, తడిసిపోతన్నావు!" అని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, చోడి అంబలి పోశారు.

గోండీ వచ్చిన పాలతను వచ్చి ఆమెతో మాట్లాడి చెప్పేదాకా ఎవరికీ అసలు సంగతి తెలీదు. వాళ్ళ భాషలో లోన్ అంటే ఇల్లట. ఆమె లోపలికి రానిమ్మని అడగలేదు. ఇల్లు కాలిపోయిందని చెప్పుకుంటోంది.

"నా సెవులు మండ! ఇల్లంటే లోన అనుకున్నానే!" అని పిన్నిగారు నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. "పోన్లే, తప్పు విన్నా మనిషైతే వచ్చింది కదా."

అక్కడితో అయిపోతే బాగుండేది. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళని ఆ రోజుల్లో అందరూ 'అందర్‌వాలే' అనేవారు, లోపలివాళ్ళని. కాలనీ పెద్దమనుషులు వచ్చి, "అమ్మా, ఈమె అందర్‌వాలీయేమో చూసుకో, పంపించెయ్" అన్నారు. పిన్నిగారు తాపీగా, "అవును బాబూ, లోనమనిషే. మా వంటింటి లోన. టీ తాగుతారా?" అన్నారు. వాళ్ళు తాగకుండానే వెళ్ళారు. ఎవరేమైనా అననీ, అంత గుండె నేనింకొకరిలో చూడలేదు.

తమ్ముడు దొరకలేదు. ఆమె పిన్నిగారింట్లోనే ఉండిపోయింది కానీ సరిగ్గా తినేది కాదు. ఊళ్ళోవాళ్ళు తలో దిక్కూ పోయారు, ఇక ఏ ఇల్లు ఎక్కడుండేదో తనకి కూడా గుర్తుండదేమోనని ఆమె దిగులు. భాష కొంచెం కలిశాక ఆ మాట బయటపడింది. "మరైతే సెప్పు, నేసీద్దాం" అన్నారు పిన్నిగారు.

ఏడాది పైన పట్టింది. దుప్పటంత నేతగుడ్డ మీద ఊరు ఊరంతా లేచింది: ఇళ్ళు, ఇప్పచెట్లు, చేలగట్లు. వాకిలి ఎటుందని ఇద్దరూ దెబ్బలాడుకునేవారు. "అటు కాదక్కా!" అని ఆమె మొత్తుకుంటే, "ముందే సెప్పి ఏడవొచ్చు కదే!" అని పిన్నిగారు నేసిందంతా విప్పేవారు. ఎవరు తగలబెట్టారని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఎవరి పేరు చెప్పినా ఆమె పీకమీదికే వస్తుందని ఆవిడకి తెలుసు. చూడ్డానికొచ్చిన ఒకాయన, "ఇందులో మంట ఏదమ్మా?" అన్నాడు. "మంటనెందుకు నెయ్యడం? అదింకా అక్కడే ఉంది. లేనివి ఇళ్ళు" అన్నారు పిన్నిగారు.

అలాంటి నేతలో రెండు రంగులు కలిసేచోట సందు పడుతుంది. పిన్నిగారు సందులన్నీ సూదితో కుట్టేశారు, ఇళ్ళ గుమ్మాలు తప్ప. "తలుపులు మూసీకూడదు" అనేవారు.

కొన్నేళ్ళకి జనం ఒక్కొక్కరే ఊరికి తిరిగి వెళ్ళారు. ఆమె కూడా ఆ గుడ్డ నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. మా అమ్మే ఉండబట్టలేక, "అంత కష్టపడి నేశావు, ఇచ్చేస్తావా?" అంది. "ఊరు ఆళ్ళది. నేనుంచుకునీదేటి?" అని పిన్నిగారు పీలికలు చింపడంలో పడిపోయారు.

కబురు చెప్పడానికి మొన్న నేనే వెళ్ళాను. ఆవపల్లిలో బస్సు దిగి చాలా దూరం నడవాలి. మళ్ళీ కట్టుకున్న ఆమె ఇల్లు గుడ్డలో ఉన్నచోటే ఉంది, వాకిలి అటే. గుమ్మానికి ఆ గుడ్డే తెరగా వేలాడుతోంది, రంగులు వెలిసిపోయి. నా మొహం చూసి ఆమెకి అర్థమైపోయింది. తెర పక్కకి తీసి, అచ్చం పిన్నిగారి యాసలో అంది.

"లోనకి రా తల్లీ."

వెళ్ళాను. నా వెనక తెర పడింది. లోపల చీకటి. తెరమీద గుమ్మాలన్నిట్లోంచీ ఎండ దూరి, మా ఇద్దరి కాళ్ళ దగ్గర నేలమీద పడుతోంది.