మామయ్య మీటరు, కాక చక్రం

మొన్న నేనెక్కిన మెట్రో రైలు దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వెళుతూ వెళుతూ, ఏదో గుర్తొచ్చినట్టు మధ్యలో ఆగిపోయింది. సాంకేతిక లోపం వల్ల ఆలస్యమవుతోందని ఒక ఆడగొంతు తేనె పూసి మరీ చెప్పింది. పెట్టెలో వాళ్లంతా ఫోన్లలో తలలు దూర్చేశారు గానీ, నాకు మాత్రం పాత జబ్బు తిరగబెట్టి, లోపం మోటారుదా, తీగదా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే సరిగ్గా కింద మా పాత షెడ్డు ఉండిన సందు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల బట్టల దుకాణం, దాని నెత్తిన కిరీటమంత బోర్డు.

మన ఈడువాళ్లకైతే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో అలాంటి సందుల్లో రేకుల షెడ్డు లేని ఇల్లు, రేకుల షెడ్డులో మిషను లేని మనిషి ఉండేవారు కాదు. మా షెడ్డుకి ఇద్దరు యజమానులు, చేతిసాయానికి నేను. ఒకరు మా అమ్మకి తమ్ముడు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసినవాడు. రెండోవారు ఇక్కడికి దగ్గర్లోనే తుర్కయంజాల్ మనిషి. మా నాన్నతో చిన్నప్పుడెప్పుడో ఒకే సైకిలు తొక్కిన పుణ్యానికి నాకు కాక, అంటే బాబాయి, అయ్యాడు. నాకు ఒకరు మామయ్య, ఒకరు కాక కాబట్టి లెక్క ప్రకారం వాళ్లిద్దరూ బావలైపోయారు. అలా రక్తం చుక్క కలవకుండానే చుట్టరికం కుదిర్చిన ఘనత నాది.

ఆ షెడ్డులో ఇనుము చెక్కే ఒక పాత సీఎన్‌సీ మిల్లింగు మిషను ఉండేది. ఏనుగంత అంటే ఏనుగు నొచ్చుకుంటుంది. లారీ మీంచి దాన్ని దింపిన రోజు సరూర్‌నగర్ చెరువులో నీళ్లు ఒడ్డెక్కి వచ్చి చూసి పోయాయని నేను చెబితే మా పిల్లలు ఇప్పటికీ నమ్మరు. దాని కరెంటు సంగతులన్నీ, తీగలు పరీక్షించే మీటరుతో సహా, మామయ్యవి, ఇనుము సంగతులన్నీ కాకవి. మధ్యాహ్నం కాగానే ఒకరి డబ్బా ఒకరు తీసుకుని తినేవారు. మామయ్యకి జొన్నరొట్టె, కాకకి గోంగూర. ఇద్దరు ఇల్లాళ్లూ తమ వంట తమ మొగుడే నాకేస్తున్నాడనుకుని ఏళ్ల తరబడి మురిసిపోయారు.

ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం వచ్చింది. చౌరస్తాలో టెంట్లు, డప్పులు, బందులు, నడిరోడ్డు మీద వంటావార్పులు. మొదట్లో మాకేమీ తేడా రాలేదు. కాకతో పాటు మామయ్య కూడా వంటావార్పుకి వెళ్లి, రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని తిని, పప్పులో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టి వచ్చాడు. కానీ రోజులు గడిచేకొద్దీ టీ కొట్టు దగ్గర మామయ్యని చూసి, మూటాముల్లె సర్దుకుంటున్నావా పెద్దాయనా, అని నవ్వేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు నవ్వులాటకే అనేవారు. ఆయన మాత్రం ఆ నవ్వుల్ని జేబులో వేసుకుని షెడ్డుకి తెచ్చుకునేవాడు.

ఒక బందు రోజున కుర్రాళ్లు వచ్చి షట్టరు మీద దబదబా కొట్టారు. మామయ్య మీటరు మీంచి తల ఎత్తకుండానే, "వెళ్లి చూడు, మీవాళ్లొచ్చారు" అన్నాడు.

కాక చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. "మీవాళ్లా? మరి నువ్వెవలోనివి బావా? ఇన్నేండ్ల సంది నీ డబ్బల బువ్వ తింటున్న, గిప్పుడు నాకు వేరేవాళ్లున్నరా?"

"ఉన్నమాటే అన్నాను" అన్నాడు మామయ్య. నవ్వేస్తే పోయేది. నవ్వలేదు.

ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. డబ్బాలు మాత్రం మారుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఆపితే డబ్బాలో కూర మిగిలిపోయి ఇళ్లలో సంజాయిషీ చెప్పుకోవాలి. నాలుగు రోజులు పోయాక షెడ్డు మూసేద్దామన్న మాట కూడా నా నోటి మీదుగానే ఇటు నుంచి అటు వెళ్లింది, సరే అన్న మాట అటు నుంచి ఇటు వచ్చింది. బాలానగర్ నుంచి ఒకాయన మిషను కొంటానన్నాడు గానీ, ఒక రోజంతా ఆగకుండా నడిపి చూపిస్తేనే అన్నాడు.

సరిగ్గా అప్పుడే అది మొరాయించింది. ఇనుము బిగించే బల్ల కుడివైపుకి వెళ్లినప్పుడల్లా ఎర్రదీపం వెలిగించి, సర్వో అలారం అని తెరమీద రాసి, మంకుపట్టు పట్టిన కోడలిలా నిలబడిపోయేది. మోటారు వెనక ఎన్‌కోడరని ఒక కన్ను ఉంటుంది. మోటారు ఎంత తిరిగిందో చూసి, దాన్ని నడిపించే డ్రైవుకి కబురు చెప్పడం దాని పని. కబురు అందకపోతే డ్రైవు అడుగు ముందుకి వెయ్యదు. బల్లని నడిపే రెండు ఇరుసుల తీగల్నీ అటుదిటు ఇటుదటు మార్చి చూశారు. అలారం ఆ తీగ వెంటే రెండో ఇరుసుకి వెళ్లింది కాబట్టి డ్రైవు నిర్దోషి. ఎన్‌కోడరు విప్పి పసిపిల్ల కన్ను తుడిచినట్టు తుడిచారు, అదీ నిర్దోషే. మిగిలింది బల్ల కింద గొలుసులో బల్లతో పాటు వంగుతూ సాగే తీగ. పైన తొడుగు బాగానే ఉండి లోపల తెగిన తీగ అది. కదలకుండా ఉన్నప్పుడు కలిసే ఉంటుంది, కదిలితే ఒకచోట విడిపోతుంది.

ఆ చోటు పట్టుకోవాలంటే మనుషులిద్దరు కావాలి. ముందువైపు ఒకరు చేత్తో చక్రం తిప్పుతూ బల్లని జరపాలి, వెనక డ్రైవులుండే బీరువా దగ్గర ఒకరు మీటరు ముల్లు చూడాలి. ముల్లు పడిన క్షణాన చక్రం ఆగాలి. కాక తన చక్రం ఎవరికీ ఇవ్వడు, మీటరు మామయ్య దేవుడికి కూడా ఇవ్వడు. కాబట్టి మధ్యలో నేను.

"పడింది, ఆపమని చెప్పు మీ కాకకి." నేను పరిగెత్తి, "కాకా, ఆపమంటున్నాడు." "ఎప్పుడో దాటిపోయిన అని చెప్పు మీ మామకు." ఇలా ఆ మిషను చుట్టూ నేను తిరిగిన తిరుగుడుకి యాదగిరిగుట్ట దేవుడి చుట్టూ తిరిగి ఉంటే ఈపాటికి మోక్షం వచ్చేది. ముల్లు పడేది, కబురు చేరేసరికి లేచేది. లోపల లోపల నాకు అదే బాగుండేది. ఆ తీగ దొరకనన్నాళ్లూ మిషను అమ్ముడవదు, షట్టరు శాశ్వతంగా పడదు. ఈ వంకనైనా ఇద్దరూ ఒక కప్పు కింద ఉంటారు.

ఇంకో బందు రోజు బస్సుల్లేక నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి బయల్దేరాను. కొత్తపేట దగ్గర ఊరేగింపులో ఇరుక్కుని, షెడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. షట్టరు సగం దించి ఉంది. చెయ్యి వెయ్యబోతూ ఆగాను. లోపలి నుంచి అరుపులు.

"ఆగు బావా, ఆగు! పడింది!"

"ఆగిన! జర ఎనక్కి రానా?"

"కొంచెం. కొంచెమంటే కొంచెం, నీ కొంచెం కాదు!"

"నా కొంచానికేమైంది? చెప్పు, ముల్లేమంటున్నది?"

"మళ్లీ పడింది. అక్కడే ఉండు బావా, కదలకు!"

"యాడికి పోత? ఈన్నే ఉన్న."

నేను ఆ షట్టరు బయట, మండుటెండలో, లోపలికి వెళ్లకుండా నిలబడ్డాను. వెళితే మళ్లీ కబుర్లు నా మీదుగా నడుస్తాయని భయం. జీవితంలో నేను నోరు మూసుకున్న మొదటి సందర్భం అదే కావచ్చు. తీగ దొరికింది. వాళ్లు ఒక్క పూటలో పట్టేసిన లోపాన్ని నేను అన్ని రోజులు కాపాడానన్నమాట.

ఇంకేముంది, కలిసిపోయారనుకుని ఆ సాయంత్రం మిర్చిబజ్జీలు కట్టించుకుని మరీ వచ్చాను. కొత్త తీగ వేశారు. మిషను రోజంతా పిల్లిలా గురగుర నడిచింది. బాలానగరాయన తలూపాడు. నేను కాక మొహం చూశాను, మామయ్య మొహం చూశాను. ఇద్దరూ మిషన్నే చూస్తున్నారు. అమ్మొద్దులే అన్న మాట ఎవరో ఒకరు అంటారని చూశాను. ఇద్దరికీ అవతలివాడు అంటాడని ఆశ. ఎవరూ అనలేదు.

లారీ కదిలే ముందు బల్ల జరగకుండా కాక కట్టెదిమ్మె పెట్టి బిగించి, "మీ మామకు చెప్పు, పైలంగుండుమని" అన్నాడు. మామయ్య పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. "మీ కాకని కూడా జాగ్రత్తగా ఉండమను" అన్నాడు. ఆ రోజు మాత్రం పొరపాటున ఎవరి డబ్బా వాళ్లే తిన్నారు.

రాష్ట్రం వచ్చింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. మామయ్య అదే కాలనీలో అదే అరుగు మీద కూర్చున్నాడు. కాక తుర్కయంజాల్లో ఇంటి మీద ఇల్లు వేశాడు. మధ్యలో ఒక్క బస్సు ప్రయాణం. ఆ ఒక్క బస్సు ఇద్దరిలో ఎవరూ ఎక్కలేదు. పండగలకి నేనే అటూ ఇటూ తిరిగి, అడిగానని చెప్పమన్నాడని, అననివి కూడా కలిపి చెబుతూ ఉండేవాణ్ణి.

కిందటేడు కాక పోయాడు. ఆ కబురు మోసుకుని మామయ్య దగ్గరికి వెళ్లింది నేనే. విన్నాడు. తర్వాత, అలవాటు కొద్దీ, "ఒరే, మీ కాకకి చెప్పు..." అని మొదలుపెట్టి, ఆగిపోయాడు. ఏం చెప్పమనబోయాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను మొయ్యలేకపోయిన కబురు అదొక్కటే.

ఇప్పటి మిషన్లు తమ జబ్బు తామే తెరమీద రాసుకుంటాయట. ముందొకరు, వెనకొకరు నిలబడి అరుచుకునే అవసరం లేదట. మంచిదే. ఇంతలో మెట్రో ఒక్క కుదుపు కుదిపి కదిలింది. లోపం ఏమిటో, ఎవరు పట్టుకున్నారో ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఆ సందు కనబడినంతసేపూ వెనక్కి తిరిగి, ఆగు బావా అని ఎవరైనా అరుస్తారేమోనని చూస్తూనే ఉన్నాను.