ఉప్పు బావిలో వేసిన దిష్టి

ఆ రోజు మంగళవారం, పొద్దున ఏడుంబావు. అమెరికాలో, ఫ్రిస్కోలో మా వంటగది నిండా ఎండ పడుతోంది. మా అమ్మాయి ఆద్య పాలు ఒక గుక్క తాగి గ్లాసు దూరంగా నెట్టేసింది.

"అమ్మా, మిల్క్ సాల్టీ ఉంది."

ఐదేళ్ల పిల్ల. పాలు తప్పించుకోవడానికి రోజుకో సాకు చెబుతుంది. సంగతేమిటో చూద్దామని నేనూ ఒక గుక్క తాగాను. సముద్రంలో మునిగినప్పుడు నోట్లోకి పోయే నీళ్లలా ఉన్నాయి. అదే డబ్బాలోంచి ఎనిమిదేళ్ల మా అబ్బాయి నిహాల్‌కి పోసిన పాలు రుచి చూశాను. మామూలు పాలే. ఏదో మా ఇంట్లోకి వచ్చిందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

దయ్యాలనూ గాలినీ నేనెప్పుడూ నమ్మలేదు. కెమిస్ట్రీలో మాస్టర్స్ చేశాను. పిల్లలకు దిష్టి తీస్తాను, నిజమే. అది నమ్మకం కాదు, అలవాటు. ఇల్లు తాళం వేశాక కూడా స్టవ్ కట్టేశానో లేదో అని వెనక్కి వెళ్లి చూసుకోవడం లాంటిది. అలా చూసుకోకపోతే నాకు ఊపిరాడదు.

అంతకు తొమ్మిది రోజుల ముందు మేం థాయ్‌లాండ్‌లో ఉన్నాం. హైదరాబాద్ నుంచి తిరిగి వస్తూ, లావోస్ సరిహద్దులో ఉన్న నాన్ అనే జిల్లా చూడాలని మా ఆయన కిరణ్ పట్టుబట్టాడు. తిండి బాగుంటుంది, గుళ్లు బాగుంటాయి, కొండలు బాగుంటాయి అని ఆఫీసులో ఎవరో చెప్పారట. "నాన్‌లో బటర్ నాన్ ఉంటుందా?" అని విమానంలో దారంతా నిహాల్ మా ప్రాణం తీశాడు.

నిజంగానే బాగుంది. గుడి గోడల నిండా పాతకాలపు మనుషుల బొమ్మలు. మెట్లు మెట్లుగా వరి మళ్లు. నాలుక తిమ్మిరెక్కించే మిరియం లాంటి గింజ వేసి వేయించిన కోడి. పిల్లలు అన్నీ తిన్నారు. నేను మాత్రం ప్రతి ముద్దకీ నీళ్లు మరిగించినవేనా, చేతులు కడుక్కున్నారా అని వెంటపడుతూనే ఉన్నాను.

నాలుగో రోజు కొండల్లో ఒక చిన్న ఊరికి వెళ్లాం. సముద్రం అక్కడికి ఎంతో దూరం. అయినా ఆ ఊళ్లో ఒక ఉప్పు నీళ్ల బావి ఉంది. ఆ నీళ్లు తోడి, మట్టి పొయ్యిల మీద వెడల్పాటి పెనాల్లో పొద్దంతా మరిగిస్తే అడుగున తెల్లటి ఉప్పు మిగులుతుంది. ఊరంతా దాని మీదే బతుకుతుంది. మేం దిగిన ఇల్లు బావికి పది అడుగుల దూరం. ఇంటావిడ ముసలామె. ఆవిడ మనవరాలు నాయ్‌కి ఇంగ్లీష్ వచ్చు. బావికి ఒక కాపలా దేవత ఉంటుందని, ఏటా దానికి మొక్కుతామని నాయ్ చెప్పింది. నేను తల ఊపి, ఒక సంచి ఉప్పు కొన్నాను.

ఆ ఊళ్లో ప్రతివాళ్లూ ఆద్య బుగ్గలు గిల్లారు, ఫోటోలు దిగారు. సాయంత్రానికి పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది, ఒళ్లు వెచ్చబడింది. ఘాట్ రోడ్డు వల్లే అని కిరణ్ అన్నాడు. నాకు మనసు ఆగలేదు. కొన్న సంచిలోంచే గుప్పెడు ఉప్పు తీసి, పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఈ ఊళ్లో వాళ్లందరి దిష్టీ పోవాలి" అన్నాను. ఆ మాటే అన్నాను.

దిష్టి తీసిన ఉప్పు ఎవరూ తొక్కకూడదు, నీళ్లలో వేయాలి. ఫ్రిస్కోలో అయితే సింక్‌లో వేసి కొళాయి తిప్పేస్తాను. అక్కడ ఎదురుగా బావి ఉంది. వేశాను.

వెనక్కి తిరిగితే ముసలామె కట్టెలు పట్టుకుని నిలబడి ఉంది. మర్నాడు మేం బయల్దేరుతుంటే నాయ్ ఒక్కతే వచ్చింది. ముసలామె తన గది తలుపు కూడా తెరవలేదు.

ఇక ఆ మంగళవారం సంగతి. పాల తర్వాత జ్యూస్, జ్యూస్ తర్వాత మంచినీళ్లు. పిల్ల నోరు తగిలిందంటే చాలు, ఉప్పే. ఆరిన గ్లాసుల అంచున తెల్లటి వలయం మిగిలేది.

"ఫ్రిస్కో నీళ్లే అంత. వాటర్ సాఫ్ట్‌నర్ పాడై, అందులో వేసే ఉప్పు కలుస్తోందేమో" అన్నాడు కిరణ్. ఏదో ఇంట్లోకి వచ్చిందని నేనంటే నవ్వి కొట్టిపారేశాడు. ప్లంబర్ వచ్చి చూసి, మెషీన్ బాగానే ఉంది అన్నాడు.

గురువారం మధ్యాహ్నానికి ఆద్య పెదాలు పగిలాయి. డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. రక్తంలో సోడియం హద్దు దాటింది. డాక్టర్ మా ఇద్దరినీ బయట కూర్చోబెట్టి పిల్లతో విడిగా మాట్లాడింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఇంట్లో పాపకి తిండి, నీళ్లు ఎవరిస్తారు?"

"నేనే."

అది రాసుకుంది. మళ్లీ నా ముఖం చూడలేదు. ఇప్పటికి నీళ్లు బాగా తాగించమని, రేపు మధ్యాహ్నం మళ్లీ రక్తం తీస్తామని, తగ్గకపోతే అడ్మిట్ చేసి సోషల్ వర్కర్‌ని పిలుస్తామని చెప్పింది. ఆ మాటకి అర్థం, పిల్లని మా దగ్గర్నుంచి తీసుకెళ్లిపోవచ్చని, ఈ దేశంలో పిల్లల్ని పెంచే ప్రతి తల్లికీ తెలుసు.

కార్‌లో కిరణ్ గొంతు తగ్గించి అడిగాడు. "స్వాతీ, నిజం చెప్పు. నువ్వేమైనా ఇస్తున్నావా దానికి?"

పన్నెండేళ్ల కాపురంలో ఆయన నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఇంటికి రాగానే సీల్ ఉన్న నీళ్ల బాటిల్ ఆయన చేతిలోనే పెట్టాను. ఆయనే తెరిచాడు, ఆయనే ముందు తాగాడు, ఆయనే ఆద్యకి పట్టాడు. పిల్ల ఒక గుక్క తాగి ఏడ్చింది. కిరణ్ మళ్లీ తాగి సింక్‌లో ఊసేశాడు. కొళాయి తిప్పి నోరు పుక్కిలించాడు.

"సారీ" అన్నాడు.

అదే సాయంత్రం ఐదున్నరకి నాయ్ నుంచి మెసేజ్ వచ్చింది. పలకరింపు లేదు. "మీరు వెళ్లిన రోజు నుంచి బావి నీళ్లు చప్పబడ్డాయి. పొద్దంతా మరిగించినా పెనంలో ఏమీ మిగలట్లేదు. మీరు అందులో ఏం వేశారో అమ్మమ్మ చూసింది. ఎందుకు వేశారు?"

అంతకు ముందు ఆద్య తాగే నీళ్లు ఉప్పవుతున్న సంగతి నేను వాళ్లకి చెప్పలేదు. ఆ ఊరు వదిలాక ఒక్క మెసేజ్ కూడా పెట్టుకోలేదు. ఫోన్‌లో అంతా ఉంది, ఇప్పటికీ చూసుకుంటాను.

ఏడింటికి వీడియో కాల్ చేశాను. వాళ్లకి అప్పుడు పొద్దున ఏడు. స్క్రీన్ మీద ముసలామె ముఖం, వెనక ఆరిపోయిన పొయ్యి. ఆవిడ ఆగకుండా మాట్లాడింది.

"తిడుతోంది. అవన్నీ చెప్పను" అంది నాయ్. "మీ పిల్ల చెడు మా బావికి ఎందుకు ఇచ్చారు అంటోంది. మాకూ పిల్లలున్నారు అంటోంది. మీరు చెడు ఇచ్చారు, బావి కాపలా తన ఉప్పు తీసుకుని మీ వెంట వచ్చింది. ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకోండి."

"తీసుకుని ఎక్కడ వేయాలి?" అని అడిగాను.

నాయ్ అనువదించింది. ముసలామె నన్ను చూసి నవ్వింది. అంత కోపంగా నవ్విన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

"తల్లివి కదా, నీకు తెలీదా అంటోంది."

కాల్ కట్ అయింది.

బయట ఇంకా వెలుతురు ఉంది, పక్కింటి వాళ్లు లాన్‌కి నీళ్లు పెడుతున్నారు. ఆద్యని కిచెన్ స్టూల్ మీద కూర్చోబెట్టాను. ఆ సంచిలోంచే ఉప్పు తీశాను. ఈసారి ఎడమ నుంచి కుడికి కాదు, కుడి నుంచి ఎడమకి వెనక్కి తిప్పాను, మూడుసార్లు. ఎక్కడో కట్టెలు కాలుతున్న వాసన వచ్చింది. మా ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి. కిరణ్‌కీ వాసన వచ్చింది, స్మోక్ అలారం వైపు చూశాడు.

ఆ ఉప్పు నా నోట్లో వేసుకున్నాను.

రుచి లేదు. ఇసుక నమిలినట్టుంది. సంచిలోంచి ఇంకో రెండు రవ్వలు తీసి కిరణ్ నాలుక మీద పెడితే ముఖం చిట్లించాడు. "ఉప్పే కదా" అన్నాడు.

ఆద్య ఆ సాయంత్రం మూడు గ్లాసుల నీళ్లు తాగింది. మర్నాడు మధ్యాహ్నం సోడియం మామూలుగా వచ్చింది. డాక్టర్ ఫైల్ మూసింది కానీ నా మీద అనుమానం మూసిందో లేదో తెలియదు. పెనంలో ఉప్పు పేరుకుంటున్న ఫోటో నాయ్ పంపింది, ఒక్క మాట రాయలేదు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేసింది.

ఇది జరిగి నాలుగు నెలలు. పిల్లలు నిద్రపోయాక రాస్తున్నాను. ఇద్దరు స్పెషలిస్టులు నా నాలుక పరీక్షించారు. తీపి, పులుపు, చేదు అన్నీ తెలుస్తున్నాయి. ఉప్పు ఒక్కటే తెలియదు. కన్నీళ్లు కూడా చప్పగానే ఉంటాయి. కారణం వాళ్లూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను.

రక్త పరీక్షకి వెళ్లాల్సిన ఆ శుక్రవారం పొద్దున ఉప్మా చేశాను. నిహాల్ ఒక స్పూన్ తిని ఆగిపోయాడు. "అమ్మా, దీంట్లో సాల్ట్ లేదు. నువ్వు టేస్ట్ చేయలేదా?"

చేశాను. రెండుసార్లు చేశాను.

ఇద్దరినీ దగ్గరికి పిలిచి, ఉప్పు డబ్బా వాళ్ల ముందు పెట్టాను. "అమ్మకి నాలుక కాలింది నాన్నా. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఉప్పు చూసేది మీరిద్దరే" అని చెప్పాను.